50 దగ్గర నిలబెట్టే పని: ఒకే రోజు కరెంటు మిగులూ, కొరతా ఎందుకు?

క్లుప్తంగా: కరెంటును ధాన్యం బస్తాల్లా గోదాములో పేర్చి పెట్టుకోలేం. ఏ క్షణానికి ఎంత వాడకం ఉందో ఆ క్షణానికి అంతే ఉత్పత్తి ఉండాలి. ఈ రెండూ సరితూగుతున్నాయో లేదో చెప్పే అంకె గ్రిడ్ ఫ్రీక్వెన్సీ. మన దేశంలో అది 50 హెర్ట్జ్. ఈ తూకం తప్పితే గ్రిడ్డే కూలుతుంది కాబట్టి ఎవరో ఒకరు సర్దుకోక తప్పదు. ఒకప్పుడు అర్ధరాత్రి బావి దగ్గరికి వెళ్లిన రైతు సర్దుకున్నాడు. ఇప్పుడు ఆ వంతు సౌర ప్లాంట్లకూ, థర్మల్ కేంద్రాలకూ, మెల్లగా మామూలు వినియోగదారులకూ వస్తోంది.

వేసవి రాగానే విద్యుత్తు వార్తలు చదివేవారికి ఒక తికమక ఎదురవుతోంది. మధ్యాహ్నం సౌర విద్యుత్తు ఎక్కువైపోయి కొన్ని ప్లాంట్లను తగ్గించమన్నారని ఒక వార్త. అదే రోజు రాత్రి ఎక్స్ఛేంజీలో, అంటే కరెంటు కొని అమ్మే సంతలో, యూనిట్ 10 రూపాయలు పెట్టి కొన్నారని ఇంకో వార్త. ఎండ పూట వద్దనుకుని చీకటి పడ్డాక కొనుక్కోవడమేమిటి, మిగిలింది దాచుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. రెండు వార్తలూ నిజమే. ఒకదానికొకటి విరుద్ధం కూడా కావు. అది అర్థం కావాలంటే ముందు 50 అనే అంకె సంగతి తేల్చుకోవాలి.

సైకిల్ డైనమో చెప్పే సంగతి

పాత సైకిళ్లకు వెనక చక్రం పక్కన చిన్న డైనమో ఉండేది. పగలు దాన్ని చక్రానికి తగలకుండా వెనక్కి వంచి పెట్టేవారు. చీకటి పడ్డాక బొటనవేలితో నొక్కితే చక్రాన్ని ఒరుసుకుని తిరిగేది, ముందు లైటు వెలిగేది. ఆ క్షణం నుంచి పెడల్ బరువెక్కేది. ఆ బరువులో ఒరిపిడి కొంత, లైటు లాగుతున్న కరెంటు కొంత. అంతకుముందు పోయిన వేగంతోనే పోవాలంటే కాలితో ఇంకాస్త గట్టిగా తొక్కాలి. తొక్కకపోతే సైకిల్ నెమ్మదిస్తుంది, లైటూ మందగిస్తుంది.

రామగుండంలోనైనా, సింహాద్రిలోనైనా జరిగేది ఇదే. ఆవిరి టర్బైన్‌ను ముందుకు తోస్తుంది. ఆ టర్బైన్‌కు బిగించిన జనరేటర్‌లో, ఊళ్లు వాడుతున్న కరెంటు మేరకు అయస్కాంత శక్తి రోటర్‌ను వెనక్కి పట్టి లాగుతుంది. తోపు, లాగుడు సమానంగా ఉన్నంతసేపు రోటర్ ఒకే వేగంతో తిరుగుతుంది. థర్మల్ కేంద్రాల్లో ఆ వేగం నిమిషానికి 3,000 చుట్లు, అంటే సెకనుకు 50. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ అనేది ఇదే. వాడకం పెరిగి లాగుడు ఎక్కువైతే రోటర్ నెమ్మదిస్తుంది, అంకె 50 కిందికి దిగుతుంది. వాడకం ఒక్కసారిగా తగ్గితే ఆవిరి తోపే మిగిలి రోటర్ పరుగెత్తుతుంది, అంకె 50 పైకి ఎక్కుతుంది.

ఇక్కడ రెండో విషయం ఉంది. గ్రిడ్‌కు కలిపిన జనరేటర్లన్నీ ఒకే కాడికి కట్టిన ఎడ్ల లాంటివి. ఏ ఒక్కటీ తన ఇష్టానికి ముందుకు ఉరకలేదు, వెనకబడలేదు. కాశ్మీర్‌లో జలవిద్యుత్ యంత్రమైనా, తమిళనాడులో బొగ్గు యూనిట్ అయినా ఒకే లయలో నడవాలి. అందుకే ఫ్రీక్వెన్సీ దేశమంతటా ఒకటే. శ్రీకాకుళంలో ప్లగ్గు దగ్గర కొలిచినా, జైపూర్‌లో కొలిచినా దాదాపు అదే అంకె కనిపిస్తుంది.

ఫ్రీక్వెన్సీని లో వోల్టేజీతో కలిపి చూడటం మామూలుగా జరిగే పొరపాటు. లో వోల్టేజీ మన వీధి సమస్య. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదై, లైను చివర ఇల్లు ఉండి, మోటార్లు ఎక్కువైతే ఫ్యాన్ నెమ్మదిస్తుంది, బోరు మోటారు కాలిపోతుంది. పక్క ఊళ్లో అప్పుడే వోల్టేజీ బాగానే ఉండొచ్చు. ఫ్రీక్వెన్సీ పడిపోతే మాత్రం అది ఏ ఒక్క ఊరి సమస్యా కాదు, కాడికి కట్టిన అందరి సమస్య.

అంకె కదిలితే మొదట కదిలేది ఎవరు

నిబంధనల ప్రకారం మన గ్రిడ్ 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాలి. సందు చాలా సన్నం. అంత సన్నటి సందులో కోట్ల స్విచ్చులు ఆన్, ఆఫ్ అవుతుంటే అంకెను నిలబెట్టే పని అంచెలంచెలుగా జరుగుతుంది.

ఎక్కడో 500 మెగావాట్ల యూనిట్ ట్రిప్ అయిందనుకుందాం. ఆ లోటును మొదటి కొన్ని సెకన్లు తీర్చేది మనిషీ కాదు, కంప్యూటరూ కాదు. పదుల టన్నుల బరువుతో తిరుగుతున్న మిగతా రోటర్లే తమ వేగంలోంచి కాస్త శక్తిని గ్రిడ్‌కు ఇచ్చేస్తాయి. నిండు బండి ఎత్తు ఎక్కేటప్పుడు దాని ఊపే మొదటి నాలుగడుగులు లాక్కెళ్లినట్టు. దీన్ని ఇనర్షియా అంటారు, తెలుగు పాఠ్యపుస్తకాల్లో జడత్వం. ఆ కాస్త సమయం దొరక్కపోతే తర్వాతి అంచెకు అవకాశమే ఉండదు.

తర్వాత టర్బైన్ గవర్నర్లు మేల్కొంటాయి. వేగం తగ్గిందని గమనించి తమంతట తాము ఆవిరి కవాటాన్ని ఇంకాస్త తెరుస్తాయి. ఇదంతా అర నిమిషంలోపు. అప్పటికి పతనం ఆగుతుంది గానీ అంకె 50కి తిరిగి రాదు, కాస్త కిందే నిలబడుతుంది. దాన్ని పైకి తీసుకురావడానికి గ్రిడ్‌ను కనిపెట్టి నడిపించే ఢిల్లీలోని జాతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఎంపిక చేసిన కేంద్రాలకు కొన్ని సెకన్లకోసారి సంకేతాలు వెళ్తాయి. మన దేశంలో ఈ పద్ధతిని 2018 జనవరిలో దాద్రి థర్మల్ కేంద్రంలో మొదట పరీక్షించారు. ఆపైన మిగిలేది మనుషుల పని. బెంగళూరులోని దక్షిణ ప్రాంత సెంటర్, హైదరాబాద్, విజయవాడల్లోని రాష్ట్ర సెంటర్లు ఫోన్లు చేసి ఒకరిని పెంచమని, ఒకరిని తగ్గించమని చెప్తాయి.

ఇవేవీ సరిపోకపోతే చివరి అంచె సబ్‌స్టేషన్‌లో ఉంటుంది. ఫ్రీక్వెన్సీ ఫలానా గీత దాటి దిగితే అక్కడి రిలే అనే ఆటోమేటిక్ స్విచ్చు ఎవర్నీ అడక్కుండా ఫీడర్‌ను, అంటే ఊళ్లకు వెళ్లే లైనును, కోసేస్తుంది. కారణం తెలియని ఆ అరగంట కోత వల్లే కొన్నిసార్లు దేశమంతా చీకట్లో పడకుండా ఉంటుంది. ఉక్కపోతలో కూర్చున్నవారికి ఇది పెద్ద ఓదార్పేమీ కాదు.

చూస్తే గ్రిడ్ నిలకడగా ఉందంటే ఏదీ కదలడం లేదని అర్థం కాదు. కావడి మోసేవాడు భుజం సర్దుకుంటూ నడిస్తేనే రెండు కుండలూ సమంగా ఉంటాయి. సర్దుబాటు ఆగిన క్షణమే ఒరిగిపోతుంది.

ఆ సర్దుబాటు చాలాకాలం రైతుదే

తెలుగు రాష్ట్రాల్లో ఈ తూకాన్ని దశాబ్దాల పాటు మోసింది పెద్ద యంత్రాలు కాదు, వ్యవసాయ ఫీడర్లు. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. తెలంగాణలో వ్యవసాయ కనెక్షన్లు పాతిక లక్షలకు పైనే. ఒక్కో మోటారు 5 హెచ్‌పీ, అంటే దాదాపు 3.7 కిలోవాట్లు అనుకుని, పాతిక లక్షలూ ఒకేసారి తిరిగాయనుకుంటే 9,000 మెగావాట్లు దాటుతుంది. ఇది చేతి వేళ్ల మీద వేసిన లెక్కే, అన్ని మోటార్లూ ఎప్పుడూ కలిసి తిరగవు. కానీ ఆ రాష్ట్రపు గరిష్ఠ డిమాండే 17,000 మెగావాట్ల దరిదాపుల్లో ఉన్నప్పుడు, అందులో ఎంత భాగాన్ని ఒక్క స్విచ్చుతో అటూ ఇటూ జరపొచ్చో అర్థమవుతుంది.

ఇళ్లకు, ఫ్యాక్టరీలకు కోత పెడితే గొడవ. వ్యవసాయ ఫీడర్‌కు వేళ మారిస్తే పెద్దగా వార్త కాదు. అందుకే ఫీడర్లను గ్రూపులుగా విడగొట్టి, ఒక గ్రూపుకు పగలు, ఒక గ్రూపుకు రాత్రి సరఫరా ఇచ్చేవారు. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక కూడా రోజుకు 7 గంటలు, అదీ చాలాచోట్ల రెండు విడతలుగా వచ్చేది. పట్టణాలు నిద్రపోయాక వాడకం పడిపోతుంది, థర్మల్ కేంద్రాలు ఆగవు. ఆ మిగులును మింగడానికి పొలాల్లో మోటార్లు తిరగాలి. గ్రిడ్ భాషలో చెప్పాలంటే రాత్రి పల్లాన్ని పూడ్చడం. పొలంలో దాని రూపం ఏమిటంటే, ఒక చేతిలో టార్చిలైటు, ఒక చేతిలో కర్ర, తడి గట్ల మీద నడక, చీకట్లో స్టార్టర్ పెట్టె. పాముకాట్లు, షాకులు ఈ ఏర్పాటుకు వెల. ఏ టారిఫ్ ఉత్తర్వులోనూ ఈ వెల ఎక్కలేదు.

ఆ నడక తప్పించుకోవడానికి రైతులు కనిపెట్టుకున్న ఉపాయం ఆటో స్టార్టర్. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. రైతుకు నిద్ర దక్కింది, ట్రాన్స్‌ఫార్మర్‌కు కష్టం వచ్చింది. ఇండక్షన్ మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుగా వాడే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. ఫీడర్‌లోని వందల మోటార్లు ఒకే సెకనులో మొదలైతే ఏమవుతుందో లైన్‌మెన్లకు బాగా తెలుసు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. అప్పటి ప్రధాన భయం వేరు, మోటార్లు రోజంతా తిరిగి భూగర్భ జలాలు అడుగంటుతాయని. ఆంధ్రప్రదేశ్ పగటిపూట 9 గంటల సరఫరా వైపు వెళ్లింది.

పెద్ద మోటార్ల సంగతి ఇంకోటి. కాళేశ్వరం పథకంలో కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్ దగ్గర భూగర్భంలో ఉన్న పంప్‌హౌస్‌లో ఒక్కో మోటారు సామర్థ్యం 139 మెగావాట్లు. అలాంటివి ఏడు. ఒకటి ఆన్ చేశారంటే ఒక పట్టణం మొత్తం ఒక్కసారిగా లైను మీదికి వచ్చినట్టే. ఎత్తిపోతల పథకం నీటిపారుదల శాఖదే అయినా మీట నొక్కే వేళ లోడ్ డిస్పాచ్ సెంటర్‌తో మాట్లాడుకోవాల్సిందే.

ఫ్రీక్వెన్సీకి ధర కట్టిన ఏడాది

1990లలో దక్షిణ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 48 దరిదాపుల్లో గంటల తరబడి నడిచేది. అప్పట్లో తూర్పు గ్రిడ్‌ది దీనికి తలకిందుల పరిస్థితి. అక్కడ ఉత్పత్తి మిగులు, అంకె 50 పైన. ఒకచోట కొరత, ఇంకోచోట మిగులు ఉంటే ఎవరూ సరిదిద్దలేదెందుకు? ఎవరికీ అవసరం లేకపోవడమే కారణం. కేంద్ర ఉత్పత్తి సంస్థలకు ఎంత ఎక్కువ ఉత్పత్తి చేస్తే అంత రాబడి, కాబట్టి రాత్రిళ్లు తగ్గించరు. రాష్ట్రాలు తమ వాటా మించి లాగినా మామూలు రేటే, కాబట్టి సాయంత్రం తగ్గించవు. రెండు వైపులా ఎవరి లెక్క వారికి సరిపోయింది, మధ్యలో గ్రిడ్ ఊగింది.

దీనికి దొరికిన మందు చాలా తెలివైనది. 2002లో పశ్చిమ ప్రాంతంలో మొదలై, 2003 జనవరి 1న దక్షిణాదికి వచ్చిన కొత్త టారిఫ్ విధానంలో రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేశారు. ప్రతి ముక్కలో ఎవరు ఎంత తీసుకోవాలో ముందురోజే రాసుకోవాలి. రాసుకున్నది తప్పితే ధర చెల్లించాలి, ఆ ధర ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది. మొదట్లో 50.5 హెర్ట్జ్ దగ్గర ధర సున్నా, 49కి దిగితే గరిష్ఠం. మిగులు ఉన్నప్పుడు ఎక్కువ వాడుకున్నా నష్టం లేదు, కొరతలో ఎక్కువ లాగితే వాత. కొరతలో తన వాటా వదులుకున్నవాడికి ఆ డబ్బు చేరుతుంది. కంట్రోల్ రూమ్ గోడ మీది ఫ్రీక్వెన్సీ మీటర్ ఒక్కసారిగా ధరల పట్టికగా మారిపోయింది. ఆదేశాలతో ఏళ్ల తరబడి రాని క్రమశిక్షణ కొన్ని నెలల్లో వచ్చింది.

అయితే ధర కట్టాక దాన్ని సరుకుగా చూడటమూ మొదలవుతుంది. డబ్బు కడితే ఎంతైనా లాగొచ్చు అన్న ధోరణి కొన్ని రాష్ట్రాల్లో స్థిరపడింది. 2012లో అది బయటపడింది.

2012 జులై: తూకం బాగున్నా కూలిన గ్రిడ్

ఆ ఏడాది రుతుపవనాలు బలహీనంగా ఉన్నాయి. ఉత్తరాది పొలాల్లో మోటార్లు జోరుగా తిరుగుతున్నాయి. జులై 30 తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు ఉత్తర గ్రిడ్ కూలింది. మర్నాడు మధ్యాహ్నం 1 గంటకు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ కూలాయి. 60 కోట్ల మందికి పైగా ప్రజలకు కరెంటు పోయింది. రైళ్లు పట్టాల మీదే నిలిచాయి, తూర్పున బొగ్గు గనుల్లో కార్మికులు లోపలే చిక్కుకున్నారు.

అందరూ మరిచిపోయే వివరం ఒకటుంది. కూలడానికి కాసేపటి ముందు మొదటి రోజు ఫ్రీక్వెన్సీ 49.68, రెండో రోజు 49.84. ప్రాణం మీదికి వచ్చిన అంకెలు కావివి. మొత్తం ఉత్పత్తి, మొత్తం వాడకం చూస్తే తూకం పెద్దగా తప్పలేదు. తప్పింది ఎక్కడంటే పంపకంలో. పశ్చిమాన మిగులు ఉంది, ఉత్తరాన లాగుడు ఉంది, రెండింటి మధ్య ఉన్న ముఖ్యమైన లైన్లలో కొన్ని మరమ్మతులకు ఆపి ఉన్నాయి. మిగిలిన బీనా–గ్వాలియర్ లైను ఆ బరువు మోయలేక ట్రిప్ అయింది. ఆ బరువు పక్క లైన్ల మీద పడింది, అవీ వరసగా పోయాయి. ఉత్తర గ్రిడ్ ఒంటరిగా తెగిపోయాక అప్పుడు కూలింది ఫ్రీక్వెన్సీ. ఆపాల్సిన రిలేలు కోయవలసినంత లోడును కోయలేదు. త్రాసు ముల్లు నిటారుగానే ఉంది, త్రాసును వేలాడదీసిన తాడు తెగింది.

ఆ రెండు రోజులూ దక్షిణాదిలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. మన గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే కాడికి కట్టి లేదు. తాల్చేర్–కోలార్ వంటి డీసీ లైన్ల (ఒకే దిక్కున పారే కరెంటు, దానికి ఫ్రీక్వెన్సీ ఉండదు) ద్వారా కరెంటు వచ్చేది గానీ లయ వేరు. రెండో రోజు తూర్పు నుంచి వచ్చే సరఫరా ఆగి ఇక్కడా ఫ్రీక్వెన్సీ పడింది, కొంత లోడు దానంతట అదే తెగింది, గ్రిడ్ మాత్రం నిలిచింది. 2013 డిసెంబరు 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైనుతో ఆ వేర్పాటు ముగిసింది. ఒకే కాడి అయ్యాక ఒక యూనిట్ పడిపోతే ఆదుకునే భుజాలు ఎక్కువ. ఎక్కడో పడ్డ దెబ్బ ఇక్కడిదాకా వచ్చే దారి కూడా తెరుచుకుంది. పెద్ద గ్రిడ్ మేలా చిన్న గ్రిడ్ మేలా అంటే లెక్క పెద్దదాని వైపే మొగ్గుతుంది, 2012 జులై మాత్రం చిన్నదాని తరఫు సాక్ష్యం.

తొమ్మిది నిమిషాల పరీక్ష

కొరతే ప్రమాదమనీ, మిగులు మేలేననీ అనుకుంటారు. 2020 ఏప్రిల్ 5న జరిగింది గుర్తు చేసుకోవాలి. లాక్‌డౌన్‌లో రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు ఇళ్లలో లైట్లు ఆర్పి దీపాలు వెలిగించమని ప్రధాని పిలుపు. లోడ్ డిస్పాచ్ సెంటర్లలో టెన్షన్ మొదలైంది. కోట్ల లైట్లు ఒకేసారి ఆరితే లాగుడు పడిపోతుంది, రోటర్లు పరుగెత్తుతాయి. లైట్లు తిరిగి వెలిగినప్పుడు దానికి తలకిందులు.

12,000 నుంచి 14,000 మెగావాట్ల దాకా తగ్గుతుందని అంచనా వేశారు. తగ్గింది 31,089 మెగావాట్లు. అంచనాకు రెట్టింపు కన్నా ఎక్కువ. 1,16,900 మెగావాట్ల దరిదాపుల్లో ఉన్న డిమాండ్ అరగంటలోపే 85,799కి జారింది. అయినా ఎక్కడా గ్రిడ్ కూలలేదు, ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 మధ్యే తిరిగింది. కాపాడింది ముఖ్యంగా జలవిద్యుత్తు. ముందుగానే థర్మల్ కేంద్రాలను తగ్గించి, ఆ చోటును జల యంత్రాలతో నింపి పెట్టుకున్నారు. నీటి గేటు మూయడం, తెరవడం నిమిషాల పని, బొగ్గు బాయిలర్‌తో అది కుదరదు. ఆ కాస్త సమయంలో జలవిద్యుత్ ఉత్పత్తిని 17,543 మెగావాట్ల మేర దించి, మళ్లీ ఎక్కించారు.

అదే శ్రీశైలం, నాగార్జునసాగర్ యంత్రాల విలువ కూడా. వాటి నుంచి ఏడాదికి ఎన్ని యూనిట్లు వచ్చాయన్న లెక్క ఒక్కటే చూస్తే అసలు విలువ కనిపించదు. అడిగిన నిమిషంలో వచ్చి, వద్దన్న నిమిషంలో తప్పుకోవడమే వాటి గొప్ప. కాకపోతే ఆ నీటికి సాగు, తాగు అవసరాలున్నాయి, రెండు రాష్ట్రాల మధ్య తగాదా ఉంది. గ్రిడ్ కోసం ఎప్పుడు వదలాలన్నది గ్రిడ్ ఒక్కటే తేల్చే విషయం కాదు.

టెక్సస్‌లో నాలుగున్నర నిమిషాలు, యూరప్‌లో ఆరు నిమిషాలు

బయటి అనుభవాలు రెండు ఇక్కడ పనికొస్తాయి. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్లలో ఉన్న తెలుగు కుటుంబాలకు 2021 ఫిబ్రవరి మంచు తుపాను బాగా గుర్తుంటుంది. టెక్సస్ గ్రిడ్ చాలావరకు విడిగా ఉంటుంది, అక్కడ ఫ్రీక్వెన్సీ 60. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున గ్యాస్ లైన్లు, ప్లాంట్లు గడ్డకట్టి ఉత్పత్తి వరసగా పడిపోతుంటే అంకె 59.302కి దిగింది. 59.4 కింద 9 నిమిషాలు ఉంటే ప్లాంట్లు తమను తాము కాపాడుకోవడానికి గ్రిడ్ నుంచి విడిపోతాయి. 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు గడిచి ఉంటే రాష్ట్రమంతా చీకటై, తిరిగి లేపడానికి వారాలు పట్టే పరిస్థితి. గడ్డకట్టే చలిలో లక్షల ఇళ్లకు కరెంటు తీసేసి గ్రిడ్‌ను నిలిపారు. ఆ తుపానులో 246 మంది చనిపోయారని అధికారిక లెక్క, ఎక్కువమంది చలికే. తూకం నిలిచింది, వెల అలా పడింది.

యూరప్ ఉదంతం దీనికి పూర్తిగా వేరే తీరు. 2018 మొదట్లో సెర్బియా, కొసావోల మధ్య రాజకీయ తగాదా వల్ల కొసావోలో ఉత్పత్తి, వాడకాల మధ్య తేడా పూడ్చేవారు లేకపోయారు. స్పెయిన్ నుంచి టర్కీ దాకా ఉన్న ఆ భారీ గ్రిడ్‌లో ఇది చీమ కాటు. సగటు ఫ్రీక్వెన్సీ 49.996కి తగ్గింది, అంతే. కానీ అది జనవరి మధ్య నుంచి మార్చి మొదటి దాకా, దాదాపు ఏడు వారాలు సాగింది. కరెంటు లయను లెక్కపెట్టి నడిచే ఓవెన్ గడియారాలు, అలారం గడియారాలు ఆరు నిమిషాల దాకా వెనకబడ్డాయి. 50లో 0.004 తేడా అంటే రోజుకు 7 సెకన్లు, ఏడు వారాలకు అటూ ఇటూగా ఆ ఆరు నిమిషాలే. చాలామంది తమ గడియారం పాడైందనుకున్నారు.

మధ్యాహ్నం దించు, సాయంత్రం ఎక్కించు

ఇప్పుడు మొదటి తికమకకు రావచ్చు. 2025 జనవరి చివరికి దేశంలో సౌర విద్యుత్ సామర్థ్యం 1,00,000 మెగావాట్లు దాటింది. దానికి ముందు ఏడాది, 2024లో, దేశపు గరిష్ఠ డిమాండ్ మే 30న నమోదైన 2,50,000 మెగావాట్లు. ఎండ బాగా కాసి, సెలవు రోజై, మధ్యలో వాన చినుకు పడి ఏసీలు ఆగితే మధ్యాహ్నం 12 గంటలకు సౌర విద్యుత్తు వెల్లువ అవుతుంది. అలాంటి కొన్ని రోజుల్లో ఎక్స్ఛేంజీలో ధర సున్నా దగ్గరికి దిగుతోంది. అమ్ముదామంటే కొనేవారూ అప్పుడు మిగులులోనే ఉంటారు. ఎండ అందరికీ ఒకేసారి కాస్తుంది మరి.

థర్మల్ కేంద్రాలను ఆపేయొచ్చు కదా? పూర్తిగా ఆపితే బాయిలర్ చల్లారి, తిరిగి లేవడానికి గంటలు పడుతుంది. సాయంత్రం 6 తర్వాత వాటి అవసరం తప్పదు. అందుకే సామర్థ్యంలో 55 శాతం దాకా దించి ఊపిరితో ఉంచుతారు. ఆ దించిన ఉత్పత్తికీ, సౌర విద్యుత్తుకూ కలిపి వాడకం చాలకపోతే చివరికి తగ్గాల్సింది సౌరమే. సాయంత్రం కథ తిరగబడుతుంది. 4 గంటల నుంచి సూర్యుడు దిగడం మొదలు, రెండు మూడు గంటల్లో వేల మెగావాట్లు మాయం, అదే వేళకు ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు. ఎక్స్ఛేంజీలో ధర గరిష్ఠ పరిమితి 10 రూపాయలను తాకేది అప్పుడే. కాబట్టి ఈ కొరత యూనిట్లది కాదు, వేళది. రోజు మొత్తం లెక్కలో మిగులు చూపించే రాష్ట్రం కూడా రాత్రి 8కి కొనుక్కోవాల్సిందే.

ఇంకో మార్పు కంటికి కనిపించదు. సౌర ఫలకంలో తిరిగే రోటర్ లేదు. ఇన్వర్టర్ ద్వారా వచ్చే కరెంటుకు, ప్రత్యేకంగా అమర్చితే తప్ప, ఆ మొదటి సెకన్లలో ఆదుకునే జడత్వం ఉండదు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైనప్పుడు వెంటనే సౌర విద్యుత్తు మీదికి, జడత్వం లేకపోవడం మీదికి వేళ్లు వెళ్లాయి. దర్యాప్తుల్లో ముందుకు వచ్చిన ప్రధాన కారణం వోల్టేజీ అదుపు తప్పి పెరిగి, ప్లాంట్లు వరసగా విడిపోవడం. అంటే అక్కడ మొదట తప్పింది వేరే తూకం. జడత్వం గురించిన ఆందోళన దానివల్ల కొట్టుకుపోదు, కానీ ప్రతి చీకటికీ అదే కారణమనడం తొందరపాటు.

ఇప్పుడు ఎవరి వంతు

వేళ సమస్యకు సరైన మందు వేళను మార్చే యంత్రమే. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ తిరగేసి కూడా నడుస్తాయి. కరెంటు మిగిలినప్పుడు సాగర్ జలాశయపు నీటిని పైకి ఎక్కిస్తాయి, కావలసినప్పుడు దించి కరెంటు తీస్తాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు తలపెట్టింది ఇందుకే. నూరు యూనిట్లు పోస్తే 75 నుంచి 80 తిరిగి వస్తాయి. పాతిక పోయినట్టు కనిపిస్తుంది గానీ, మధ్యాహ్నం సున్నా ధరకు కొని రాత్రి 10 రూపాయలకు అమ్మగలిగితే ఆ పాతిక పెద్ద లెక్కలోది కాదు. బ్యాటరీలదీ ఇదే వ్యాపారం, పైగా అవి సెకను లోపే స్పందిస్తాయి.

రెండో దారి వినియోగదారుడిని జరపడం. 2023 జూన్‌లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం సౌర వేళల్లో రేటు 10 నుంచి 20 శాతం తక్కువగా, పీక్ వేళల్లో అంతే ఎక్కువగా ఉండాలి. 10 కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు 2024 ఏప్రిల్, వ్యవసాయం మినహా మిగతావారికి 2025 ఏప్రిల్ గడువు పెట్టారు. అమలు స్మార్ట్ మీటర్ల మీద, రాష్ట్ర నియంత్రణ మండళ్ల మీద ఆధారపడి ఉంది. ఫ్యాక్టరీకి షిఫ్టు మార్చుకునే వీలుంటుంది. సాయంత్రం 7కి అన్నం వండుకునే ఇంటికి, పిల్లల చదువు వేళకు ఆ వీలు తక్కువ. రేటు తేడాతో ఎవరు లాభపడతారన్నది ఎవరి పని వేళలు ఎవరి చేతిలో ఉన్నాయన్న దానిమీద ఉంటుంది.

నిబంధనలు మినహాయించిన వ్యవసాయమే జరపడానికి అన్నిటికన్నా అనువైన లోడు కావడం ఇందులో విచిత్రం. మధ్యాహ్నపు వెల్లువను మింగగల మోటార్లు లక్షల్లో ఉన్నాయి. ఇప్పుడు గ్రిడ్‌కు కావలసిన వేళ, రైతుకు సుఖమైన వేళ దాదాపు ఒకటే, పగలు. పాత రాత్రి విడతలకు ఇప్పుడు కారణం చాలావరకు పోయింది. మధ్యలో అడ్డు మోటారు ఎప్పుడు తిరగాలో చెప్పే ఏర్పాటు లేకపోవడమే. తీసేయమన్న ఆటో స్టార్టర్‌కు తెలిసింది ఒక్కటే, కరెంటు వచ్చిందా లేదా అని. ఫ్రీక్వెన్సీ కూడా చూడగలిగే స్టార్టర్ అయితే 50 దాటినప్పుడు మోటార్లను ఒకదాని తర్వాత ఒకటిగా ఆన్ చేసి, 49.9 కిందికి జారుతుంటే కాసేపు ఆపగలదు. దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఢిల్లీ కంట్రోల్ రూమ్ గోడ మీద కనిపించే అంకే పొలం గట్టున స్టార్టర్ పెట్టెలోకి వచ్చే మూడు తీగల్లోనూ ఉంటుంది.